రాజీనామా అంటే రాజీ కాగితం

పోయిన ఎండాకాలంలో ఒక రాత్రి, పదకొండు దాటాక, హైదరాబాద్ నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. నరసరావుపేటలో కరెంటు పోయి నేను మేడ మీద చాప వేసుకుని పడుకున్నా.

"సో గయే క్యా భయ్యా?"

"లేదురా, చెప్పు."

"రాజీనామా రాసి పెట్టుకున్నా. పొద్దున్నే పంపేస్తా."

వాడికి నలభై మూడేళ్ళు. ఇద్దరు పిల్లల చదువు, ఫ్లాటు కిస్తీ ఉన్నాయి. ఇరవై ఏళ్ళుగా ఒకటే హునర్‌ను నమ్ముకుని బతుకుతున్నాడు. దాని పేరు ఒరాకిల్ ఫార్మ్స్.

ఈ ముచ్చట తెలియనివాళ్ళ కోసం కొంచెం వెనక్కి వెళ్తా. 2000లో మా ఊరి నుంచి డిగ్రీ పాసైన ప్రతి కుర్రాడూ సంచి సర్దుకుని అమీర్‌పేట వెళ్ళినవాడే. మైత్రీవనం చుట్టూ గోడల నిండా కోర్సుల కాగితాలు. అందులో డెవలపర్ 2000 ఒకటి. అందరూ 'డీ టూ కే' అనేవాళ్ళు. మా వాడు అది నేర్చుకున్నాడు. అబ్బా తన సైకిల్ షాపు మీద అప్పు తెచ్చి ఫీజు కట్టారు. కోర్సు అయ్యేసరికి 2001 వచ్చింది. అమెరికాలో డాట్‌కామ్ కంపెనీలు కూలి, ఇక్కడ నౌకరీలు ఎండిపోయాయి. రెండేళ్ళు పంక్చర్లు వేశాడు. 2003లో ఒక చిన్న కంపెనీ పిలిచింది. ఫార్మ్స్ 6ఐలో గోదాముల లెక్కల ప్రోగ్రామ్ రాయడం వాడి మొదటి పని.

ఫార్మ్స్ అంటే ఏమిటో అప్పట్లో నాకు వాడే చెప్పాడు. "నీ దరఖాస్తు ఫారమే భయ్యా. స్క్రీన్ మీద గళ్ళు ఉంటాయి. ఒక్కో గడి వెనక ట్రిగ్గర్ అని చిన్న హుకుం రాసి పెడతాం. గడి నింపి ముందుకు పోతుంటే అది లేచి, ఈ అంకె చెల్లదు, సరిచెయ్ అంటుంది. సేవ్ చేసేముందు ఇంకోటి లేచి మిగిలిన లెక్క కడుతుంది." ఆ హుకుంలు రాసే భాష పీఎల్/ఎస్‌క్యూఎల్. స్క్రీనూ, కాయిదాలూ, డేటాబేస్‌తో మాటామంతీ అన్నీ ఒకే చోట కలిసి ఉంటాయి. అందుకే పని త్వరగా అయ్యేది. అందుకే తర్వాత విడదీయడం కష్టమైంది.

జమానా ఆగదు కదా. 6ఐ తర్వాత 9ఐ నుంచి ఫార్మ్స్ బ్రౌజర్‌లోకి మారింది, జావా యాప్లెట్ రూపంలో. కొన్నేళ్ళకు బ్రౌజర్లే ఆ యాప్లెట్లకు తలుపు మూశాయి. 2015లో క్రోమ్, 2017లో ఫైర్‌ఫాక్స్. కొంతమంది ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను పట్టుకుని వేలాడారు. 2022 జూన్‌లో మైక్రోసాఫ్ట్ దానికీ సలాం చెప్పింది. ఒరాకిల్ ఫార్మ్స్‌ను చంపలేదు, బ్రౌజర్ లేకుండా నడిచే దారి చూపింది, 14సీ దాకా తెచ్చింది. కానీ కొత్త కుర్రాళ్ళు దాన్ని నేర్చుకోవడం మానేశారు. కొన్ని కంపెనీలు ఒరాకిల్ వాళ్ళదే ఏడీఎఫ్‌కు వెళ్ళాయి, కొన్ని స్ప్రింగ్ బూట్‌కు. మా వాడి దఫ్తర్ స్ప్రింగ్ బూట్‌ను ఎంచుకుంది. ఇరవై అయిదు దాటని పిల్లలు నలుగురు వచ్చి కూర్చున్నారు.

"వాళ్ళ ముందు నేను అన్‌పఢ్‌ని భయ్యా" అన్నాడు ఆ రాత్రి.

నాకు ఆ బాధ తెలుసు. పది దాకా నాది ఉర్దూ మీడియం. డిగ్రీలో తెలుగు తీసుకున్నా. కుడి నుంచి ఎడమకు నడిచిన చెయ్యి ఎడమ నుంచి కుడికి తిరగాలి. మొదట్లో నోట్‌బుక్‌ను వెనక పేజీ నుంచి మొదలుపెట్టేవాణ్ణి. పక్క బెంచీవాళ్ళు నవ్వేవాళ్ళు. గణాలు లెక్కపెట్టాల్సి వస్తే ఏక్, దో, తీన్ అని లోలోపల ఉర్దూలోనే లెక్కపెట్టుకునేవాణ్ణి.

అసలు తమాషా అంతకుముందే జరిగింది. తెలుగు కూడబలుక్కుని చదవడం వచ్చిన కొత్తలో పేపర్లో 'మంత్రి రాజీనామా' అని పెద్ద అక్షరాలు చూశా. పరుగున షాపుకెళ్ళి, "అబ్బా, మంత్రిగారు సులహ్ చేసుకున్నారంట!" అన్నా. ఉర్దూలో రాజీనామా అంటే ఇద్దరూ ఒప్పుకుని రాసుకున్న రాజీ కాగితం. పదవి వదులుకోవడాన్ని ఇస్తీఫా అంటాం. అబ్బా చేతిలో పానా పక్కన పెట్టి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. అలాంటిదే ఖరీదు. అమ్మీకి ఖరీద్ అంటే కొనడం. పక్కింటి పిన్నిగారికి ఖరీదంటే ధర. ఒకే లఫ్జ్, హద్దు దాటాక మతలబ్ మారింది. రాత చూస్తే తప్పు దొరకదు. రెండు వైపులా తెలిసినవాడికే దొరుకుతుంది.

"సరే, ఏమైందో చెప్పు" అన్నా.

చెప్పాడు. గోదాముకు మిర్చి లారీ రాత్రి వస్తుంది. గేటు దగ్గర తారీఖు రాస్తారు. లైన్లో నిలబడి, మర్నాడు పొద్దున కాటా వేస్తారు. అద్దె కాటా వేసిన రోజు నుంచే లెక్కపెట్టాలి. 2003లో ఒక ముసలి గుమాస్తా మా వాడికి చెప్పిన కాయిదా అది. "లైన్లో నిలబడ్డ రాత్రికి రైతు అద్దె కట్టకూడదు బాబూ" అన్నాడట. మా వాడు దాన్ని ప్రీ-ఇన్సర్ట్ ట్రిగ్గర్‌లో నాలుగు లైన్లుగా రాశాడు. స్క్రీన్ మీద కనిపించేది గేటు తారీఖే. సేవ్ అయ్యే క్షణంలో అద్దె తారీఖు గడిలోకి కాటా తారీఖు వెళ్ళి కూర్చుంటుంది. ఏ కాగితంలోనూ ఆ సంగతి లేదు.

కొత్త పిల్లలు స్క్రీన్ చూశారు, టేబుల్స్ చూశారు, జావాలో చక్కగా రాశారు. ట్రిగ్గర్ మిగిలిపోయింది. ఇప్పుడు రాత్రి వచ్చిన ప్రతి లారీకీ ఒక రోజు అద్దె ఎక్కువ పడుతోంది. బస్తాకు పైసలే, కానీ కట్టేది రైతు. ప్రోగ్రామ్ ఎక్కడా ఆగదు, ఎర్ర అక్షరాల్లో ఏమీ చెప్పదు. మంత్రి సులహ్ చేసుకున్నట్టే.

"మరి చెప్పావా వాళ్ళకు?"

కాసేపు చప్పుడు లేదు. "మీటింగ్‌లో ఒకాయన, పాత కోడ్ ఎందుకండీ, టేబుల్స్ ఉన్నాయిగా అన్నాడు. నన్నెవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు."

నాకు కోపం వచ్చింది. "అడగకపోతే చెప్పవా? ఆ ముసలాయన నీకిచ్చింది అమానత్‌రా. నువ్వు వెళ్ళిపోతే అది నీతోనే పోతుంది. ఏ మిర్యాలవాడో, ఏ గురజాలవాడో ఊరికే డబ్బులు కట్టుకుంటాడు. నీ ఇజ్జత్ కోసం వాడెందుకు కట్టాలి?"

వాడు ఫోన్ పెట్టేశాడు. ఆ రాత్రి నాకూ నిద్ర పట్టలేదు.

మర్నాడు వాడు మెయిల్ పంపలేదు. ఆ పిల్లల్లో ఒక అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక లారీ ఎంట్రీని పాతదాంట్లో, కొత్తదాంట్లో వేసి చూపించాడు. ఆమె వెంటనే, "సార్, ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయి?" అంది. ఇరవై ఏళ్ళలో తనను ఎవరూ అడగని సవాల్ అది అన్నాడు మా వాడు. కొత్త ప్రోగ్రామ్ ఇంకా గోదాముకు చేరలేదు కాబట్టి బిల్లులు తప్పలేదు.

తర్వాత నెలల తరబడి ఇద్దరూ ఒక్కో ట్రిగ్గర్ చదివి, మూడు కుప్పలు చేశారు. స్క్రీన్ సోకు కోసం రాసినవి ఒకటి, వ్యాపారం కాయిదాలు ఒకటి, ఫార్మ్స్ అవసరం కోసమే రాసిన, ఇప్పుడు అక్కర్లేనివి ఒకటి. రెండో కుప్పను స్క్రీన్‌తో సంబంధం లేకుండా సర్వీస్ అనే వేరే అరలో పెట్టారు. రేపు స్క్రీన్ ఫోన్‌లోకి వెళ్ళినా కాయిదా కదలదు.

వాడూ నేర్చుకుంటున్నాడు. ఫార్మ్స్‌లో ఒకరు రికార్డు మార్చడం మొదలుపెట్టగానే దానికి తాళం పడుతుంది. రెండోవాడు ఆగాల్సిందే. ఖాతా పుస్తకం నీ ఒళ్ళోనే ఉన్నట్టు. వెబ్‌లో అలా కాదు. చీటీ ఇచ్చి కుర్రాణ్ణి పంపినట్టు. వాడు జవాబు తెచ్చి, నిన్ను మరిచిపోతాడు. అందుకే ప్రతి రికార్డుకూ ఒక వెర్షన్ నంబరు పెట్టి, సేవ్ చేసేటప్పుడు అది మారిందేమో చూస్తారు. ఇది అర్థం కావడానికి నెల పట్టిందట. నేర్పింది ఆ అమ్మాయే. ఇప్పుడామెను ఉస్తాద్ అంటున్నాడు.

ఈ పని అయ్యాక నౌకరీ ఉంటుందో లేదో వాడికి తెలియదు. ఎవరూ హామీ ఇవ్వలేదు. మొన్న ఇంటికి వచ్చినప్పుడు ఫోన్ తీసి చూపించాడు. ఆ మెయిల్ ఇంకా డ్రాఫ్ట్స్‌లోనే ఉంది.

"డిలీట్ చెయ్యలేదేంరా?"

"ఉండనీ భయ్యా. పైన రాజీనామా అనే రాశా. ఉర్దూలో చదువుకుంటున్నా."