తల్లి మూతి వాసన

శంషాబాద్ దగ్గరి అమ్మపల్లి లాంటి గుడి దగ్గర కొబ్బరి చిప్ప దొరికిన తల్లికోతిని చూడండి. అది దవడ సంచి నింపుకుంటుంటే, పొట్టను కరుచుకున్న పిల్ల దాని మూతి వాసన చూస్తుంది, రాలిన ముక్క ఏరి కొరుకుతుంది. ఏది తిండో తెలిసేది ఇలాగే. చేతిసంచి లాక్కోవడం పుట్టుబుద్ధి అంటారు కొందరు. ఆకలి పుట్టుకతోనే వస్తుంది సరే, జిప్పు తీయడం రాదుగా! ఏ కోతికాకోతే నేర్చుకుంటుందేమో అన్న అభ్యంతరం మాత్రం గట్టిదే. అయితే జపాన్‌లోని కోషిమా దీవిలో 1953లో ఇమో అనే పిల్లకోతి చిలగడదుంపను నీళ్లలో కడిగితే, ఆ అలవాటు ముందు తోటి పిల్లలకు, తల్లికి అంటుకుంది. పెద్ద మగకోతులకు చాలావరకు అంటలేదు. వేటికవే కనిపెట్టి ఉంటే ఇలా చుట్టరికం, చెలిమి చూసుకుని పాకేది కాదు. తర్వాతి తరం తల్లి ఒడిలోనే నేర్చింది. అందుకే శంషాబాద్‌లోనైనా మరెక్కడైనా కోతుల్ని పట్టి అడవిలో వదిలేయడం సగం పనే అంటాను. బోనులో తల్లితోపాటు ఆ చదువూ వెళ్తుంది. పళ్లచెట్లు లేని అడవిలో తల్లి పిల్లకు చూపేది మళ్లీ ఊరి దారే.