పిల్లితో ప్రయాణం

బెంగళూరులో మా ఇంట్లో చిట్టి అనే పిల్లి ఉండేది. ఒక వేసవి సెలవుల్లో దాన్ని బుట్టలో పెట్టుకొని కారులో కర్నూలుకు బయలుదేరాం. అప్పటి 7వ, ఇప్పటి 44వ జాతీయ రహదారి మీద సుమారు 360 కిలోమీటర్ల దారి. "పాపం, ఆకలికి తాళలేదు" అంటూ మా అమ్మ బయలుదేరే ముందు దానికి గిన్నెడు పాలు పోసింది. నేనూ వద్దనలేదు.

చిక్కబళ్ళాపురం దాటగానే చిట్టి నోటి వెంట చొంగ కారింది. తాగిన పాలన్నీ కక్కి, సొమ్మసిల్లినట్లు పడిపోయింది. మా గుండెలు జారిపోయాయి. బాగేపల్లిలో చెట్టునీడన కారు ఆపాం. అమ్మ మళ్ళీ పాలసీసా తీసింది. టీ దుకాణం పెద్దాయన చూసి, "ఇప్పుడు పాలు వద్దమ్మా! నీళ్ళు పెట్టండి. తాగితే తాగుతుంది" అన్నాడు. అది కర్ణాటకే అయినా అక్కడ తెలుగువారు చాలామంది.

కారు తలుపులు తెరవకుండానే బుట్ట మూత తీశాం. చిట్టి కాసిని నీళ్ళు నాకి, ముడుచుకొని పడుకుంది. దారిలో మరేమీ పెట్టలేదు. అమ్మ కూడా ఏమీ తినలేదు. రాత్రి కర్నూలులో చిట్టి చేపముక్క కలిపిన పిడికెడు అన్నం తిన్నాకే ఆమె కంచం ముందు కూర్చుంది.

ఎదిగిన పిల్లులు చాలావాటికి పాలు సరిగా అరగవనీ, ప్రయాణానికి మూడు నాలుగు గంటల ముందే తిండి ఆపాలనీ తరువాత పశువైద్యుడు చెప్పాడు. పెట్టే చేతికి ప్రేమ ఒక్కటే చాలదు. ఎదుటి ప్రాణికి ఏది అవసరమో కూడా తెలియాలి.