పదకొండు మడిచీరల దూరం

మా మనవడికి కొత్తగా ఒక జబ్బు పట్టుకుంది. కనిపించిన అక్షరమల్లా చదవడం! బస్సు వెనక రాతలు, మందుసీసా మీది చీటీ, పకోడీలు కట్టిన కాగితం, ఏదీ వదలడు. మొన్న బడినుంచి తీసుకొస్తుంటే గేటు పక్క గోడమీద రాసింది కూడబలుక్కుని చదివి, "మామ్మా, వందగజాలంటే ఎంత?" అన్నాడు.

బడికి వందగజాలలోపు పొగాకు సరుకు అమ్మడం నేరమని రాసి ఉందక్కడ. వీళ్ళకి మీటర్లే గాని గజాలు తెలియవు. మనకా, చీర తప్ప మరో కొలత బుర్రకెక్కదు. మా అత్తగారి మడిచీర తొమ్మిది గజాలు. "అలాంటివి పదకొండు వరసగా పరిచి, చివర ఓ జాకెట్టుముక్క వెయ్యి. అంతదూరం" అన్నాను. వాడు గేటు దగ్గర్నుంచి లేని చీరలు పరుచుకుంటూ నడిచాడు. నాలుగో చీర సగంలో ఆగిపోయాడు. "మామ్మా, కొట్టొచ్చేసింది!"

నేను రోజూ కరివేపాకు కొనే కొట్టే. పైన వాడికంటే వెడల్పుగా ఓ సిగరెట్టుపెట్టె బొమ్మ. కింద చాక్లెట్ల సీసాల మధ్య, సరిగ్గా వాడి కళ్ళకి ఎదురుగా, పెట్టెల వరస. రోజుకి రెండుసార్లు ఆ దారినే వెళతాను కదా, నా కళ్ళెక్కడ పెట్టుకున్నానో!

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఈ బొమ్మలకి ముందు పడిపోయినదాన్ని నేనే. మా చిన్నప్పుడు వారపత్రికల వెనక అట్టమీద సూటువేసుకున్న మగమహారాజు, వేళ్ళ మధ్య సిగరెట్టు, పక్కన ఆరాధనగా చూస్తూ ఓ అమ్మాయి. 1975లో వచ్చిన చట్టం పుణ్యమా అని, ఓ మూల ఆరోగ్యానికి హానికరమని చీమతలకాయంత అక్షరాలుండేవి. చీమతలకాయని ఎవరు చూస్తారు? పెళ్ళిచూపులకొచ్చినప్పుడు మావారు వాకిట్లో నిలబడి అచ్చు అలాగే కాలుస్తుంటే, కిటికీలోంచి చూసి "అబ్బ, ఎంత హుందాగా ఉన్నాడో" అనుకున్నాను. ఆ హుందాకి నలభై ఏళ్ళు బూడిద ఎత్తాను.

ఆరేళ్ళ క్రితం డాక్టర్లు ఆయన గొంతుపెట్టె తీసేశారు. ఇప్పుడు మెడకింద రంధ్రంలోంచి ఊపిరి, పలకమీద మాట. మా పోట్లాటల్లో పైచేయి నాదే. ఆయన బలపంతో ఒక్క వాక్యం రాసేలోపు నేను పది అనేస్తాను. అయినా ఒక్కోసారి ఆ కేక వినాలనిపిస్తుంది. "కాఫీ ఏదీ?" అని వీధి చివరిదాకా వినపడేది.

వకీలుగా ఉన్న మా ఆడపడుచు కూతుర్ని అడిగాను. 2003లోనే చట్టం వచ్చిందిట. పొగాకు ప్రకటన పేపర్లో, టీవీలో, గోడమీద ఎక్కడా ఉండకూడదు. అమ్మే కొట్టు దగ్గర మాత్రం 60 సెంటీమీటర్లకి 45 బోర్డు పెట్టుకోవచ్చు, హెచ్చరికతో సహా. అందులోనూ సరుకేమిటో రాయాలి తప్ప కంపెనీ పేరూ, పెట్టెబొమ్మా కూడదని 2005లో నిబంధన చేశారు. అది కోర్టులో ఏళ్ళతరబడి ఆగి, 2013లో సుప్రీంకోర్టు అడ్డు తీసింది. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకి అమ్మకూడదు. ఎస్సై, ఆ పై అధికారులెవరైనా చర్య తీసుకోవచ్చు.

మర్నాడు జాకెట్లు కొలిచే టేపు సంచీలో వేసుకెళ్ళాను. బోర్డు 120కి 90! అంటే చట్టం ఒప్పుకున్నదానికి నాలుగింతలు.

"పిన్నిగారూ, అది నేను కట్టింది కాదండీ" అన్నాడు కొట్టతను, నా టేపు వంక బెదురుగా చూస్తూ. "ఏజెంటు కట్టాడు. పైన రేకులు కూడా వాళ్ళే వేయించారు. లేకపోతే వానకి బియ్యం తడిసిపోయేవి."

"మీ అమ్మాయి ఏ బడి నాయనా?"

"ఈ బడేనండీ" అని తల వంచుకున్నాడు. నాకే కాళ్ళాడలేదు. బియ్యం తడవకుండా ఉండాలనుకోవడం తప్పని ఎలా అనను?

స్టేషనుకెళితే ఎస్సై కుర్చీ వేశాడు, కాగితం తీసుకున్నాడు, "చూస్తామమ్మా" అన్నాడు. నెల గడిచింది. చూడలేదు. పాపం, బడిదగ్గర అమ్మితే జరిమానా 200 మించదు. ప్రకటనకైతే మొదటిసారి వెయ్యి రూపాయల జరిమానాగాని, రెండేళ్ళదాకా జైలుగాని ఉంది. దొంగతనాలూ, కొట్లాటలూ మానేసి ఇంత చిన్నదానికి ఎవరు కదులుతారు?

రెండోసారి బయల్దేరుతుంటే మావారు చెప్పులేసుకుని, పలక చంకలో పెట్టుకుని నిలబడ్డారు. స్టేషనులో నేనేమీ మాట్లాడలేదు. ఆయన రాసి పలక బల్లమీద పెట్టారు: "పద్నాలుగో ఏట. బడి ఎదుటి కొట్లో. అయిదు పైసలకి ఒకటి." ఎస్సై చదివాడు. పలక వంకా, మెడకి కట్టుకున్న గుడ్డ వంకా చూశాడు. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. టోపీ తీసుకుని లేచాడు.

ఆ సాయంత్రమే బోర్డు దిగింది. సీసాల మధ్య పెట్టెలు మాయమయ్యాయి. కొట్టతను వారంరోజులు నాతో మాట్లాడలేదు. కరివేపాకు అడిగితే లేదన్నాడు, గంపలో కట్టలు కనిపిస్తూనే ఉన్నాయి. ఎనిమిదోనాడు తనే పిలిచి రెండు కట్టలు చేతిలో పెట్టాడు.

ఇంతలో టీవీలో క్రికెట్టు. మద్యం ప్రకటనలు టీవీలో నిషేధం గదా, అందుకని ఆ పేరూ, ఆ రంగులే, సీసాలో మాత్రం సోడా! ఇలాంటి ముసుగు ప్రకటనలు కూడదని 2022లో కేంద్రం మార్గదర్శకాలు కూడా పెట్టింది. సోడాకోసం అంతమంది అలా గంతులేస్తారా, మీరే చెప్పండి.

నిన్న బడినుంచి వస్తూ మావాడు మళ్ళీ ఆ కొట్టు ముందు ఆగాడు. పాత రంగుల్లోనే కొత్త బోర్డు.

"మామ్మా, ఇది ఏలకులట!"

ఇంటికొచ్చి చెబితే మావారు పలక అందుకున్నారు. బలపం కిర్రుమంది. "టేపు తియ్యి."