క్రియ పక్కన చోటు

2009 జనవరి 20. వాషింగ్టన్‌లో ఎముకలు కొరికే చలి, కేపిటల్ భవనం ముందు లక్షల మంది జనం. బరాక్ ఒబామా చేత అధ్యక్ష ప్రమాణం చేయించడానికి అమెరికా సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ నిలబడ్డారు. రాజ్యాంగంలో ఆ ప్రమాణం 35 మాటలు. రాబర్ట్స్ కాగితం చూడకుండానే చెప్పించారు. 'ఐ విల్ ఫెయిత్‌ఫుల్లీ ఎగ్జిక్యూట్' అని ఉండాల్సిన చోట ఆయన 'ఫెయిత్‌ఫుల్లీ'ని లేపి వాక్యం చివరికి పంపించేశారు. ఎక్కడో తేడా కొట్టిందని ఒబామా ఆగారు. రాబర్ట్స్ సర్దుకోబోయి మళ్ళీ తడబడ్డారు. చివరికి ఒబామా కూడా ఆ మాటను చివరే పెట్టి కానిచ్చేశారు. రాజ్యాంగం లెక్కన మధ్యాహ్నం పన్నెండు కొట్టగానే పదవి ఆయనదైపోయింది. అయినా ఎందుకైనా మంచిదని మర్నాడు సాయంత్రం వైట్‌హౌస్‌లోని మ్యాప్ రూమ్‌లో ఇద్దరూ నిలబడి ప్రమాణం మళ్ళీ మొదటినుంచీ చదివారు. ఒక్క క్రియావిశేషణం చోటు తప్పినందుకు ఇంత తతంగం!

ఆ వారంలోనే భాషాశాస్త్రవేత్త స్టీవెన్ పింకర్ న్యూయార్క్ టైమ్స్‌లో దీని మీద రాశాడు. ఆయన అనుమానం రాబర్ట్స్ జ్ఞాపకశక్తి మీద కాదు, వ్యాకరణ భక్తి మీద. 'విల్'కీ 'ఎగ్జిక్యూట్'కీ మధ్య ఇంకో మాట దూరడం ఆ చాదస్తపు చెవికి నచ్చలేదట. తెలియకుండానే నోరు దిద్దేసిందట. నిజమేమిటో రాబర్ట్స్ గారికే తెలియాలి. నాకైతే అనుమానం బలంగానే కనిపిస్తుంది.

ఎందుకంటే ఆ చాదస్తం పాతది. 'టు'కీ క్రియకీ మధ్య వేరే మాట పెట్టకూడదని పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు పెద్దమనుషులు పట్టుబట్టారు. కాంటర్‌బరీ డీన్ హెన్రీ ఆల్ఫర్డ్ 1864లో ఇంగ్లీషు వాడుక మీద వేసిన పుస్తకంలో అలా మధ్యలో మాట దూర్చే అలవాటును తప్పుబట్టాడు. ఆ భయం అక్కడితో ఆగక 'విల్', 'హ్యావ్' లాంటి సహాయక క్రియల దాకా పాకింది. 1926లో ఫౌలర్ తన వాడుక నిఘంటువులో ఈ భయస్థుల్ని బాగానే ఆటపట్టించాడు. నిజానికి ఇంగ్లీషులో క్రియావిశేషణం హాయిగా కూర్చునే చోటు సహాయక క్రియకీ అసలు క్రియకీ మధ్యే. అందరూ తిరిగే దారికి అడ్డంగా వీళ్ళు ముళ్ళకంప వేశారు.

ఇంగ్లీషు వాక్యంలో క్రియ నడిమధ్య ఉంటుంది. అందుకే దాన్ని అంటిపెట్టుకునే మాటకు కర్తకు ముందా, కర్తకీ క్రియకీ నడుమా, అన్నీ అయ్యాక చివరా అన్న మీమాంస తప్పదు. 'హి ఆల్వేస్ కమ్స్ లేట్' అంటారు, 'హి ఈజ్ ఆల్వేస్ లేట్' అంటారు. మొదటిదాంట్లో 'ఆల్వేస్' క్రియకు ముందు, రెండోదాంట్లో తర్వాత. ఇంగ్లీషు పిల్లలకు ఇది ఎవరూ నేర్పరు, మనం మాత్రం రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణ పుస్తకం ముందేసుకుని వల్లె వేశాం. క్రియకీ దాని కర్మకీ నడుమ ఎవరైనా దూరడం ఆ భాషకు అసలు గిట్టదు. జీలకర్రా బెల్లం అయ్యాక ఇంకా అడ్డుతెర ఏమిటంటుంది. అందుకే 'ఐ లైక్ వెరీ మచ్ కాఫీ' ఆ చెవులకు ఎబ్బెట్టు. పక్కనున్న ఫ్రెంచికి ఈ పట్టింపు లేదు, అక్కడ క్రియకీ కర్మకీ మధ్య క్రియావిశేషణం దర్జాగా కూర్చుంటుంది. ఇలాంటి తేడాలు పట్టుకుని జాన్-ఈవ్ పొలాక్ 1989లో రాసిన వ్యాసం మీద వాక్యనిర్మాణ శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు.

అన్నిటికన్నా నాకు ముచ్చటైనది 'రియల్లీ'. మీ అబ్బాయి లండన్ నుంచి ఓ స్నేహితుణ్ణి ఇంటికి తీసుకొచ్చాడనుకోండి, మీరు కాకరకాయ వేపుడు వడ్డించారు. అతను 'ఐ డోంట్ రియల్లీ లైక్ ఇట్' అంటే 'నాకంతగా రుచించలేదండీ' అని, మర్యాదగా. 'ఐ రియల్లీ డోంట్ లైక్ ఇట్' అన్నాడంటే కంచంలోంచి అది తీసెయ్యాల్సిందే. మాటలు అవే. 'డోంట్' ముందుంటే 'రియల్లీ' దాని కిందపడి పలచబడుతుంది, 'రియల్లీ' ముందుంటే ఆ కాదనడానికే బలమొస్తుంది.

మన తెలుగులో అయితే క్రియ వాక్యం చివర ఉంటుంది, దాని ముందున్న మైదానమంతా క్రియావిశేషణానిదే. 'వాడు నిన్న త్వరగా ఇంటికొచ్చాడు', 'నిన్న వాడు ఇంటికి త్వరగా వచ్చాడు', ఎలా అన్నా ఎవరూ బెత్తం తియ్యరు. కాలం చెప్పే మాటను ముందుకు తోసెయ్యడం మనకు అలవాటు. అందుకే మన ఆఫీసుల్లో 'ఆల్రెడీ ఐ టోల్డ్ హిమ్' అని వినిపిస్తుంది. చిత్రమేమిటంటే అదే మనిషి తెలుగులో 'వాడికి ఆల్రెడీ చెప్పేశాను' అంటాడు. తెలుగు వాక్యంలో క్రియను ఆనుకుని బుద్ధిగా కూర్చున్న ఆ ఇంగ్లీషు మాట, సొంతింటికి వెళ్ళాక వాకిట్లో నిలబడుతుంది.

ఇక 'ఓన్లీ'. 'ఐ ఓన్లీ ఏట్ టూ ఇడ్లీస్' అంటే తప్పనీ, 'ఓన్లీ' రెండుకు ఆనుకుని ఉండాలనీ కొందరు పంతుళ్ళ పట్టు. ఈ విషయంలోనూ ఫౌలర్ మామూలు జనం పక్షమే. నోటితో అన్నప్పుడు 'టూ'ని ఒత్తి పలికితే చాలు, ఎవరికీ సందేహం రాదు. మనకు ఒత్తి పలకాల్సిన పని కూడా లేదు. 'నేనే రెండు ఇడ్లీలు తిన్నాను', 'నేను రెండే ఇడ్లీలు తిన్నాను', 'నేను రెండు ఇడ్లీలే తిన్నాను': ఏత్వం ఏ మాటకు కావాలో ఆ మాట తోకకే అతుక్కుంటుంది. ఆ తోకను ఇంగ్లీషులోకి తీసుకెళ్ళి 'ఐ యామ్ హియర్ ఓన్లీ' అంటాం. 'ఇక్కడే'లో ఏకారం ఎటుందో 'ఓన్లీ' అటే ఉంది. దీన్ని వెక్కిరించేవాళ్ళతో నేను కలవలేను, అందులో తర్కం ఉంది మరి. ఉద్యోగం దరఖాస్తులో అయితే దిద్దుతాను. ఫోన్లో అన్నవాణ్ణి ఆపి దిద్దడం నా వల్ల కాదు.

ఏ పంతులూ జోలికి పోని 'ఓన్లీ' ఒకటుంది, చెక్కు మీద. 'రుపీస్ టెన్ థౌజండ్ ఓన్లీ' అని చివర రాస్తాం. ఇక్కడ అది వాక్యానికి అందం కోసం రాలేదు, మొత్తం తర్వాత ఇంకెవరూ ఏమీ చేర్చకుండా కాపలాకి వచ్చింది. తెలుగులో రాసినా 'పదివేల రూపాయలు మాత్రమే' అంటాం. ఆ తర్వాత మిగిలిన ఖాళీలో ఓ గీత కూడా గీసుకోవడం మంచిది.