జైస్తంభ్ చౌక్‌లో ధాన్యం కేసు

రాయ్‌పూర్‌లో మాలవీయ రోడ్డు దుకాణాల్లో బేరాలు ముగించుకుని వచ్చేవారు జైస్తంభ్ చౌక్ దగ్గర ట్రాఫిక్‌లో చిక్కుకోక తప్పదు. 1857 డిసెంబర్ 10న వీర్ నారాయణ్ సింగ్‌ను ఉరి తీసింది ఇక్కడేనని నగరం నమ్మకం.

కేసు మొదలైంది ధాన్యంతో. 1856లో కరవు. సోనాఖాన్ జమీందారు, బింఝ్వార్ ఆదివాసీ అయిన నారాయణ్ సింగ్ ఓ వర్తకుడి గిడ్డంగి తెరిపించి ధాన్యాన్ని ఆకలిగొన్న జనానికి పంచారు. సోనాఖాన్ అంటే బంగారు గని. ఆ ఏడు ఊరికి కావలసింది మాత్రం గింజలు. వర్తకుడి ఫిర్యాదు రాయ్‌పూర్‌లోని డిప్యూటీ కమిషనర్‌కు చేరింది. కాగితం మీద అది దోపిడీ అయింది. అక్టోబర్‌లో అరెస్టు చేసి రాయ్‌పూర్ జైల్లో పెట్టారు. మరుసటి ఏడాది ఆగస్టులో ఆయన తప్పించుకుని సోనాఖాన్‌లో జనాన్ని కూడగట్టారు. డిసెంబర్‌లో మళ్లీ దొరికేనాటికి అభియోగం తిరుగుబాటుగా మారింది.

నేర విచారణ పత్రాల తీరే అంత. మధ్యయుగాల ఇంగ్లండ్ కోర్టుల తోలు చుట్టలు నేటికీ లండన్‌ క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి. ఎవరిని చంపారు, ఎవరు పారిపోయారు, వారి సామాన్ల ఖరీదెంత అన్నది గుమాస్తాలు క్లుప్తమైన లాటిన్‌లో రాశారు. పారిపోయినవాడి సొత్తు రాజుకు దక్కుతుంది కాబట్టి ఆ లెక్క తప్పదు. 1315-17 మహా కరవులో తిండిగింజల దొంగతనాలు పెరిగాయని తెలిసేదీ ఆ చుట్టల నుంచే. దొంగిలించిన వస్తువు, దాని వెల రాయడం ఆనవాయితీ. ఆకలిని చదువరే ఊహించుకోవాలి.

రాయ్‌పూర్ కథ ఉరితో ఆగలేదు. 1858 జనవరి 18 రాత్రి మూడో రెజిమెంట్‌కు చెందిన హనుమాన్ సింగ్ సార్జెంట్ మేజర్ సిడ్వెల్‌ను హతమార్చి తప్పించుకున్నాడు. నాలుగు రోజులకే, 22న, అతని సహచరులు 17 మందిని ఉరి తీశారు. వారిలో హిందువులూ ముస్లింలూ ఉన్నారు. హనుమాన్ సింగ్ మాత్రం దొరకలేదు.

2023 జనవరిలో భారత్-న్యూజిలాండ్ వన్డే చూసినవారికి నారాయణ్ సింగ్ పేరు తెలిసే ఉంటుంది. నవ రాయ్‌పూర్‌లోని ఆ క్రికెట్ స్టేడియానిది ఆయన పేరే. రాయ్‌పూర్ వెళ్లినవారు జైస్తంభ్ చౌక్‌తో సరిపెట్టుకోకుండా బలౌదాబజార్ జిల్లాలోని సోనాఖాన్ దాకా వెళ్లాలి. కేసులో శిక్ష భాగం మాత్రమే నగరంలో ఉంది. కారణం ఆ అడవి ఊళ్లో ఉంది.