కొసరు లేని పెట్టె

వంటింటి గురించి మనం చాలా రాసుకున్నాం. విమల 'వంటిల్లు' కవిత తెలియని స్త్రీవాద పాఠకురాలు అరుదేమో. వంటింట్లోకి వచ్చే కూరగాయల సంచి గురించి మాత్రం అంతగా మాట్లాడుకోలేదనిపిస్తుంది. ఆ సంచి పట్టుకుని బజారుకి ఎవరు వెళ్తారు? అందులో ఏం పడాలో ఎవరు నిర్ణయిస్తారు? నందిగామలో నాలుగు నెలలపాటు ఇంటికొచ్చే కూరగాయల పెట్టెకి చందా కట్టిన తర్వాత ఈ ప్రశ్నలు నన్ను వదల్లేదు.

2024 జూన్‌లో చేరాను. నెలకి పదహారు వందలు ముందే కట్టాలి. ప్రతి శనివారం ఓ అట్టపెట్టె ఇంటి ముందుకొస్తుంది. ఆరేడు రకాల కూరగాయలు, రెండు ఆకుకూరలు, జామకాయలో బొప్పాయో ఒక పండు. ఏం కావాలో కోరుకునే వీల్లేదు. ఆ వారం తోటలో ఏది కోతకొస్తే అదే. మందులు కొట్టని పంట అని చెప్పారు. మిర్చి తోటల మీద కొట్టే పురుగుమందు వాసనలో పెరిగినదాన్ని, ఆ మాటకే సగం పడిపోయాను.

మాది మెట్ట. 2022 ఏప్రిల్‌లో ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాం గానీ అంతకుముందంతా కృష్ణాజిల్లానే. కృష్ణాజిల్లా అనగానే బయటివాళ్ళకి కాలవలూ వరిచేలూ గుర్తొస్తాయి. జగ్గయ్యపేట, నందిగామ వైపు కనిపించేవి పత్తి, మిర్చి, మినుము, సుబాబుల్ తోటలు. సాగర్ ఎడమ కాలవ చివరి భూములం కాబట్టి నీళ్ళు వస్తాయన్న నమ్మకం తక్కువ. కూరగాయలు వేసేది ఏటి పక్కనో, బోరు కిందో కాస్త తడి ఉన్నచోటే. ఇలాంటి నేల మీద మందు లేకుండా పండించి ఇంటికి తెచ్చిస్తామంటే సంతోషం కాదా మరి!

జగ్గయ్యపేటలో ఉండే మా అమ్మకి ఈ సంగతి గొప్పగా చెప్పాను. "పెట్టె తెరిస్తే గానీ ఏం వండాలో తెలీదే అమ్మా" అన్నాను. అమ్మ నవ్వింది. "ఇందులో కొత్తేముందే? ముప్పయ్యేళ్ళు మీ నాన్న సంచి తెరిచే వండాను" అంది. నిజమే. బజారు నాన్నది. ముదురు బెండకాయలు తెచ్చినా, చవగ్గా వచ్చాయని టమాటాలు ఐదు కిలోలు తెచ్చినా, వాటిని పచ్చడో పులుసో చేసి ఇంటిల్లిపాదితో తినిపించే పూచీ అమ్మది. పర్యావరణం, ఋతువు అని కొత్త పేర్లతో పెట్టె అడుగుతున్న సర్దుబాటుని మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఎప్పట్నించో చేస్తూనే ఉన్నారు. దానికి ఎవరూ పేరు పెట్టలేదంతే.

రెండో సంగతి, పని. శనివారం సాయంత్రాలు అత్తయ్యా నేనూ హాల్లో పేపరు పరుచుకుని కూచునేవాళ్ళం. గోంగూర ఆకు తుంచాలి, తోటకూర బాగుచేయాలి, గోరుచిక్కుళ్ళకి ఈనెలు తీయాలి. గంటన్నరకి తక్కువ పట్టేది కాదు. పెట్టె వచ్చాక నా సహచరుడికి బజారు పని తప్పింది. అత్తయ్యకీ నాకూ పని పెరిగింది. ఆరోగ్యం మాత్రం అందరికీ సమానంగా వచ్చిందని ఆయన మెచ్చుకున్నాడు!

ఈ పెట్టెల చరిత్ర వెతికితే నాకు ముందుగా కనిపించింది జపాన్ ఆడవాళ్ళే. 1965లో టోక్యోలోని సెతగాయాలో దాదాపు రెండువందల మంది గృహిణులు కలిసి పాలు కొనుక్కోవడంతో సెయికాత్సు క్లబ్ మొదలైంది. తర్వాతి దశాబ్దంలో తినేవాళ్ళూ పండించేవాళ్ళూ నేరుగా ఒప్పందం చేసుకునే 'తేయ్‌కేయ్' పద్ధతి అక్కడ పెరిగింది. ఏం పండించాలి, ఎంతకి కొనాలి అన్నది రెండు పక్షాలూ కూచుని మాట్లాడుకునేవి. కూరలు దించుకుని వాటాలు వేయడం, లెక్కలు రాయడం, కలుపు రోజుల్లో పొలానికి వెళ్ళడం కూడా ఆ ఆడవాళ్ళే చేశారు. అందులోనే చిక్కూ ఉంది. ఆ ఉద్యమం బయట ఉద్యోగం లేని గృహిణుల జీతంలేని శ్రమ మీద నిలబడింది. ఆడవాళ్ళు ఉద్యోగాల్లోకి వెళ్తున్నకొద్దీ పొలం దాకా వెళ్ళి వాటాలు పంచే చేతులు తగ్గాయి. మంచి తిండి కోసం చేసే ప్రతి ప్రయత్నం చివరికి ఆడవాళ్ళ తీరిక మీదే ఎందుకు ఆనుకోవాలి?

అమెరికాలో 1986లో మొదలైన ఇలాంటి తొలి ప్రయత్నాల్లో ఒకటి మసాచుసెట్స్‌లో రాబిన్ వాన్ ఎన్ అనే స్త్రీ పొలంలో జరిగింది. తినేవాళ్ళు పంటలో వాటా ముందే కొనుక్కోవాలి. బాగా పండితే అందరికీ ఎక్కువొస్తుంది, పోతే అందరికీ పోతుంది. ముందే డబ్బు కట్టడానికి అసలు అర్థం ఇది. మా పెట్టెకి కట్టిన ముందస్తు డబ్బుకి ఈ అర్థం లేదని సెప్టెంబరులో తెలిసింది.

2024 సెప్టెంబరు మొదట్లో మునేరు పొంగి ఐతవరం దగ్గర జాతీయ రహదారి మీదికి వచ్చేసింది. 2023 జూలైలోనూ అదే జరిగింది. రెండు వారాలు పెట్టె రాలేదు. ఆ రెండు వారాల డబ్బు మాకు అడక్కుండానే వెనక్కి వేశారు. తోటలు మునిగినవాళ్ళకి ఏమిచ్చారని ఫోన్ చేసి అడిగాను. "సరుకు తీసుకుంటేనే వాళ్ళకి డబ్బులు మేడమ్" అన్నాడు అవతలి అబ్బాయి. నాకు నష్టం లేదు, పెట్టె నడిపేవాళ్ళకి పెద్దగా లేదు. వరదంతా ఒక్క రైతు లెక్కలోకే వెళ్ళింది.

ఆ రెండు వారాలూ మా వీధికి గంప వచ్చింది. ఈమె తెల్లవారుజామునే తోటల దగ్గర అరువుకి సరుకు తీసుకుని నడుచుకుంటూ వస్తుంది. మిగిలి వాడిపోతే ఆ నష్టం ఆమెదే. వీధిలో మొదటి ఇంటి ముందు ఆగి "ఓ చెయ్యి వెయ్యమ్మా" అంటుంది, గంప దించుకోవడానికి. చెయ్యి వేసే ఇళ్ళున్నాయి, వేయని ఇళ్ళున్నాయి. వేయనివాళ్ళు కారణం పైకి చెప్పరు. ఆమె కులమేదో వీధి మొత్తానికీ తెలుసు. అట్టపెట్టెతో ఈ ఇబ్బంది లేదు. గేటు దగ్గర పెట్టి వెళ్ళిపోతారు. ఎవరూ ఎవర్నీ తాకనక్కర్లేదు. మనం సౌకర్యం అంటున్నదాంట్లో ఇదెంత భాగమో ఆలోచించాల్సిందే.

అత్తయ్యకి షుగరని ఆమెకి గుర్తు. కాకరకాయలు విడిగా తీసి పెడుతుంది. తూకమయ్యాక రెండు కరివేపాకు రెబ్బలు, నాలుగు పచ్చిమిరపకాయలు పైన వేస్తుంది. ఓ రోజు మా వాకిట్లో ఖాళీ పెట్టె చూసి "ఏం అమ్మాయ్, పెట్టెలో కొసరేస్తారా?" అనడిగింది. కొసరుని మనం ఆత్మీయత అనుకుంటాం గానీ అది ఆమె కూలిలోంచి తీసి ఇచ్చేదే. దాన్ని తల్చుకుని మురిసిపోతే ఆమె కడుపు నిండదు.

నిర్ణయం ఎవరిదన్న ప్రశ్నకి జవాబు మన దగ్గరా ఉంది. 1983 నుంచి జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు. ఏ విత్తనం దాచాలో, ఏం కలిపి చల్లాలో వాళ్ళే తేల్చుకున్నారు. కలుపని పీకి పారేసే ఆకుల్ని కూడా కూరలుగా లెక్కపెట్టారు. 2019లో ఈ సంఘాలకి ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. మన రాష్ట్రంలో 2016లో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం కూడా మహిళా స్వయం సహాయక సంఘాల మీదే ఆధారపడి ఊళ్ళలోకి వెళ్ళింది. అయినా భూమి పట్టా చాలా ఇళ్ళల్లో మగవాళ్ళ పేరు మీదే ఉంది.

అక్టోబరు నుంచి నేను పెట్టె మానేశాను. మా వీధిలో ఐదిళ్ళవాళ్ళం కలిసి, దగ్గర ఊళ్ళో కూరగాయలు వేసే సంఘం ఆడవాళ్ళతో మాట్లాడుకున్నాం. నెల డబ్బు ముందే ఇస్తాం. వరదొచ్చినా తెగులొచ్చినా వెనక్కి అడగం. ఏం వేయాలో పంట కాలానికోసారి కలిసి కూచుని అనుకుంటాం. ఇంట్లో ఆకుకూర బాగుచేసే పని వంతులవారీ చేశాం. నా సహచరుడు గోంగూర నెమ్మదిగా తుంచుతాడు, పుల్లలు కూడా వేస్తాడు. అత్తయ్య ఆయన్ని లేవనివ్వదు.

ఆకుకూరలు మాత్రం గంప దగ్గరే. సంఘం కూరలు కూడా ఊరి నుంచి ఆమే తెచ్చిస్తే బాగుంటుందని అడిగాం. ఆమె వెంటనే ఒప్పుకోలేదు. "నెలకింతని ఇస్తారా, అమ్ముడైనదాని మీద బతకమంటారా? జ్వరమొచ్చి రాకపోతే?" అంది. ఐదుగురం వాటాలు వేసుకుని లెక్క చూస్తున్నాం. వారానికి రెండు రోజుల కూలి, ఆటో ఖర్చు, జ్వరమొచ్చిన రోజులకి కూడా కూలి. ఇంటికి నూట యాభై దాకా ఎక్కువ పడుతోంది. ముగ్గురు సరేనన్నారు. మిగిలిన ఇద్దరితో ఇంకా మాట్లాడాలి.