ఎదుటివాడూ వంగాలి

1985 జూలై 17న కారంచేడులో మా మాదిగోళ్ళని తరిమి తరిమి చంపారు. ఆరుగురు పోయారు. అప్పుడు నేను గుంటూరులో సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్నా. ఆ తర్వాత నెలకే హాస్టలు పిల్లలం ఏడుగురం కరాటేలో చేరాం. సబ్బుకీ కొబ్బరినూనెకీ ఇచ్చే కాస్మెటిక్ డబ్బులు ఫీజుకి పోయేయి. వార్డెన్ ఇదంతా బ్రూస్‌లీ పిచ్చి అనుకున్నాడు. ఇంటికెళ్ళి చెప్తే, చెప్పు కుడుతున్న మా అయ్య ఆరె కింద పెట్టి, "తన్నులు ఓర్చుకోటం వొచ్చు గదరా మనకి. తన్నటం నేర్చినోణ్ణి ఊళ్ళో బతకనిస్తారా?" అన్నాడు.

మొదటిరోజే వంగి దణ్ణం పెట్టమన్నారు. ఇక్కడా ఇదేనా అని ఒళ్ళు మండింది. తలెత్తి చూస్తే మాస్టారు కూడా నాకు వంగి ఉన్నాడు. మా ఊళ్ళో ఆసాముల అరుగుల ముందు వంగటం ఒకవైపే.

1990లో నాన్‌లోకల్ కింద విశాఖ ఏజెన్సీలో టీచరుద్యోగం. చింతపల్లి దాటి బస్సు దిగితే రెండు గంటల నడక. నేనొక్కణ్ణే మేస్టర్ని. కరెంటు లేదు, జత కట్టి సాధన చేసేవాడు లేడు. నన్ను కాపాడింది కటాలే. ఎదుటివాడు ఉన్నాడనుకుని ఒంటరిగా చేసే వరసలవి. హెయాన్ షోడాన్‌లో 21 కదలికలు. దానికి నాలుగు వైపులా చోటు కావాలి. వానాకాలం బయటంతా బురద, బడి వరండా వెడల్పు మూడడుగులు. అక్కడ టెక్కి షోడాన్ పనికొచ్చింది. గుర్రమ్మీద కూచున్నట్టు కాళ్ళు ఎడంగా పెట్టి, పక్కలకే జరుగుతూ చేస్తారు దాన్ని. మొద్దు పాతి చాంతాడు చుట్టి, గుద్దటానికి మకివార చేసుకున్నా. మలేరియా వొచ్చిన నెల గోడ పట్టుకు నడవటమే గొప్పయింది.

1991 ఆగస్టు 6న చుండూరు. పేపరు నాకందేసరికి అయిదోరోజు. ఎనిమిదిమంది. శవాల్ని గోతాల్లో కుక్కి కాలవలో పడేశారని ఉంది. ఆ పూట కణుపులు చిట్లిందాకా గుద్దాను. మావాళ్ళు అక్కడ, నేను ఈ అడివిలో. నా సాధన ఎవరికి అక్కరకొచ్చిందన్న అనుమానం ఇప్పటికీ పూర్తిగా పోలా.

తెల్లారుజామున అరుపులు వినబడుతున్నయ్యని పోలీసులొచ్చారు. ఎవరికి ట్రైనింగిస్తున్నావన్నారు. ఏ ఊరన్నారు. ఊళ్ళో ఎక్కడన్నారు. మాదిగపల్లె అన్నా. "నీకెందుకురా ఇయ్యన్నీ?" అని మకివార పీకించి పోయారు. వాళ్ళు పోయాక చూసుకున్నా. అంతసేపూ నేను చేతులు కట్టుకునే నిలబడ్డాను. ఆరేళ్ళ సాధన!

వారం రోజులు కటా ముట్టుకోలేదు. తర్వాత ఒకనాడు, జోరువానలో, కోదుల పిల్లోడొకడు వరండాలో నా ఎదురుగా వొచ్చి నిలబడ్డాడు. రోజూ నన్ను చూసేవాడు కాబోలు, కాళ్ళు దగ్గరపెట్టి వంగాడు. వంగినోడు లేవడే. నేనూ వంగిందాకా అట్టాగే ఉన్నాడు.